ముప్పై సెకన్లు

మా ఆయనకి డెబ్బై మూడేళ్ళు. రోజూ పొద్దున్నే టీ అయినా తాగకుండా నా మంచానికి ఎదురుగా చేతుల్లేని కుర్చీ వేసుకుని, చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, లేవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగితే అన్నిసార్లు. ఆ వయసులో కండలు పెంచాలని సరదా పుట్టిందనుకుంటే పొరపాటు. నేను ఇంట్లో ఉండాలా, వృద్ధాశ్రమంలో ఉండాలా అన్నది ఆ లెక్క మీదే తేలుతుంది.

రెండేళ్ళ కిందట నాకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ పోయాయి. నోరు మిగిలింది. "అది కూడా పోయుంటే ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉండేది" అని మా ఆయన వచ్చినవాళ్ళందరితో అనేవారు. వాళ్ళు వెళ్ళాక నా దిండు సరిచేసేవారు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూంకి, మళ్ళీ మంచానికి, రోజుకి తొమ్మిది పదిసార్లు నన్ను లేపాలి. నా నడుముకి వెడల్పాటి పట్టీ కట్టి, తన మోకాళ్ళు నా మోకాళ్ళకి ఆనించి, పట్టీ రెండు చేతులా పట్టుకుని లేపేవారు. నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. బరువు ఎక్కడ పట్టుకోవాలో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

మా అమ్మాయి మా ఊళ్ళోనే పెద్దాస్పత్రిలో నర్సు. రెండు గదుల ఇల్లు, షిఫ్టుల ఉద్యోగం. నన్ను తన దగ్గర పెట్టుకోలేదు, మమ్మల్ని ఇలా వదలనూ లేదు. అందుకని ఒక షరతు పెట్టింది.

"నాన్నా, ముప్పై సెకన్లలో పదిసార్లు కుర్చీలోంచి లేవగలిగినన్నాళ్ళు అమ్మని నువ్వే లేపు. పదికి తగ్గిందా, ఇంక నాతో వాదించకూడదు. అమ్మని ఆశ్రమంలో చేర్పిస్తాను. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఎన్నిసార్లో చెప్పాలి."

"నేను అబద్ధం చెప్తే?"

"నువ్వు చెప్తావనే టైము అమ్మని చూడమంటున్నాను. అమ్మ ఎప్పుడైనా ఎవరికైనా అరమార్కు కలిపిందా?"

కలపలేదు. ముప్పై ఒక్కేళ్ళు లెక్కలు చెప్పాను. నా పేరు బళ్ళో ఎవరికీ గుర్తు లేదు, అరమార్కు టీచరంటే ఊరంతటికీ తెలుసు. అరమార్కులో తప్పినవాళ్ళ తల్లులు స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చేవాళ్ళు. నేను టిఫిన్ డబ్బా మూత తీసుకుని తినేదాన్ని. నా కూతుర్నే ఒకసారి ఫెయిల్ చేశాను. ఆ సంగతి అది ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

కాబట్టి పని ఇలా పంచుకున్నాం. గడియారం ఆయన వీపు వెనక గోడ మీద ఉంటుంది, నాకే కనిపిస్తుంది. "కానివ్వండి" అని నేనంటాను. ఆయన లేస్తూ పైకి లెక్కపెట్టుకుంటారు. ముప్పై అవగానే "ఆగండి" అంటాను. మొదటి ఏడాదంతా పన్నెండు, పదమూడు. ఒక ఆదివారం పద్నాలుగు. ఆ రోజు ఆయన కాలు నేల మీద నిలవలేదు. కింద వాటాలో ఉండే దర్జీని పిలిచి మరీ చెప్పారు. ఆ దర్జీ మంచివాడు. "ఎప్పుడు అవసరమైనా ఒక్క కేక వెయ్యండి బాబాయ్, మిషను ఆపి వచ్చేస్తా" అనేవాడు. "నీ సాయం ముసలాళ్ళకి చెయ్యరా" అనేవారు ఈయన.

పోయిన చలికాలం ఆయనకి జ్వరం పట్టుకుంది. పన్నెండు రోజులు. దర్జీ, అతని భార్య వచ్చి నన్ను లేపారు. జ్వరం తగ్గిన మర్నాడే ఈయన కుర్చీ వేసుకున్నారు. "రెండ్రోజులు ఆగొచ్చుగా" అంటే వినలేదు. ఎనిమిది దగ్గర ముప్పై సెకన్లు అయిపోయాయి.

ఆయన మొహం చూశాను. మెడ నరాలు తేలి ఉన్నాయి. ఎనిమిది అంటే ఏమిటో ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. నోటి దాకా వచ్చిన "ఆగండి" అక్కడే ఆగిపోయింది. తొమ్మిది అన్నారు. పది అన్నారు. అప్పుడు ఆగమన్నాను. గడియారంలో ముప్పై తొమ్మిది.

"హమ్మయ్య" అని కుర్చీలో కూలబడ్డారు. "ఒడ్డున పడ్డాం పంతులమ్మా."

వారం రోజులు ఇలా నెట్టుకొస్తే మళ్ళీ బలం పుంజుకుంటారు, అప్పుడు అసలు టైముకి వచ్చేద్దాం అనుకున్నాను. నా మనసుకి నేను చెప్పుకున్న మాట అది. బలం రాలేదు. నలభై సెకన్లు నలభై అయిదయ్యాయి. పదితో ఆపేస్తే అనుమానం వస్తుందని పదకొండుకి పోనిచ్చాను, ఆయన సంతోషం చూసి పన్నెండుకి పోనిచ్చాను. వేసవి వచ్చేసరికి ఆయన ముప్పై సెకన్లు నా నోట్లో యాభై అయిదు అయ్యాయి. ప్రతి ఆదివారం ఫోన్లో నా గొంతుతో నేనే చెప్పాను: పన్నెండు. పదమూడు. ఇంకోసారి పదమూడు.

నాకు భయం లేదా అంటే ఉంది. మధ్యాహ్నం నన్ను లేపేటప్పుడు పట్టీ మీద ఆయన వేళ్ళు వణికేవి. ఆ వణుకు నా నడుముకి తెలిసేది. "దర్జీని పిలుద్దామండీ" అంటే, "పదమూడు చేసేవాడికి దర్జీ ఎందుకే" అనేవారు. నా అంకెతోనే నా నోరు మూయించేవారు. అసలు సంగతి ఒక్క మాటలో చెప్పేయొచ్చు. చెప్తే ఆదివారానికల్లా నా బట్టలు సంచిలో సర్దుతారు. నాకు ఆ ఇంట్లోనే, ఆయన కళ్ళెదుటే ఉండాలని ఉండేది. ఆ ఆశే నన్ను దొంగని చేసింది.

ఆ వేసవిలోనే ఒక మంగళవారం మధ్యాహ్నం. బాత్రూంలో. నన్ను సగం లేపాక ఆయన తొడలు ఆగిపోయాయి. పైకీ పోలేదు, కిందికీ రాలేదు. పట్టీ వదిలేసి ఉంటే నేను ఒక్కదాన్నే వెనక్కి గోడకేసి పడేదాన్ని, ఆయనకి ఏమీ అయ్యేది కాదు. వదల్లేదు. పక్కకి ఒరిగిపోతూ నా తల గోడకి కొట్టుకోకుండా తనే కిందికి వచ్చారు. గడప మీద ఆయన తుంటి తగిలింది. ఆ చప్పుడు నేను చెప్పలేను.

నేను ఆయన మీద పడ్డాను. ఒక పక్క చచ్చిన శరీరం, దాన్ని ఎటు దొర్లించాలో నాకు తెలియదు. కుడి చేత్తో నేల నెట్టాను, జారింది. నేను కదిలిన ప్రతిసారీ ఆయన పళ్ళు బిగించేవారు.

"కదలకు పంతులమ్మా, అలాగే ఉండు."

"దర్జీ! ఓ దర్జీ!" అని అరిచాను. ఆ నెలలో వాళ్ళకి పని ఎక్కువ, కింద రెండు మిషన్లు ఆడుతున్నాయి. మధ్యాహ్నం భోజనానికి అవి ఆగేదాకా, గంటా ఇరవై నిమిషాలు, నా బరువంతా ఆయన విరిగిన ఎముక మీదే ఉంది.

ఆ గంటలో ఆయన ఒక మాటన్నారు. "ఎందుకిలా అయిందో అర్థం కావట్లేదే. పొద్దున పదమూడు చేశానుగా."

నేను ఆయన భుజం మీద మొహం పెట్టుకుని ఏడ్చాను. దెబ్బ తగిలి ఏడుస్తున్నానని ఆయన నా వీపు నిమిరారు.

ఆపరేషన్ అయిన అయిదో రోజు అమ్మాయి నన్ను చక్రాల కుర్చీలో వార్డుకి తీసుకెళ్ళింది. అప్పటికే నన్ను ఆశ్రమంలో చేర్చేశారు. ఇద్దరి ముందూ చెప్పేశాను, ఎనిమిది దగ్గర్నుంచీ యాభై అయిదు దాకా. అమ్మాయి కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆయన పైకప్పు చూస్తూ అన్నారు: "ప్రతి లిఫ్టు లోపలా ఎంతమంది ఎక్కొచ్చో బిళ్ళ మీద రాసి ఉంటుంది. ఆ అంకె తప్పు వేసినవాణ్ణి నేనైతే పనిలోంచి తీసేసేవాణ్ణి."

"మీరు బాధపడతారని..."

"ఎనిమిది అని చెప్పుంటే ఏం చేసేవాణ్ణి? రోజుకి ఒకసారి కాదు, నాలుగుసార్లు చేసేవాణ్ణి. దర్జీని పిలిచేవాణ్ణి. అమ్మాయి కాళ్ళు పట్టుకుని రెండు నెలలు గడువు అడిగేవాణ్ణి. ఏదో ఒకటి చేసేవాణ్ణే. నన్ను ఏమీ చెయ్యనివ్వలేదు నువ్వు."

తల అటు తిప్పుకున్నారు. యాభై ఏళ్ళ కాపురంలో ఆయన నా మీద అరిచిన రోజులున్నాయి, కంచం విసిరిన రోజు ఒకటుంది. ఆ గొంతు మాత్రం ఎన్నడూ వినలేదు.

మూడు నెలలు ఆయన నన్ను చూడ్డానికి రాలేదు. అమ్మాయి ఇంట్లో ముందు గదిలో ఉన్నారని, వ్యాయామం చేయించడానికి ఒకతను వస్తున్నాడని తెలిసింది. ఆశ్రమంలో నా మంచం గుమ్మం పక్కనే. నన్ను ఇద్దరు ఆయాలు లేపుతారు. చేతులు బలమైనవి, మనసు ఇక్కడ ఉండదు. ఒకళ్ళతో ఒకళ్ళు కబుర్లు చెప్పుకుంటూ లేపేస్తారు.

నాలుగో నెలలో వచ్చారు. అమ్మాయి చెయ్యి పట్టుకుని, చేతికర్రతో. సగమైపోయారు. నన్ను పలకరించలేదు. భోజనాల గదిలోంచి చేతుల్లేని కుర్చీ ఒకటి తెమ్మని అమ్మాయితో చెప్పి, నా ఎదురుగా వేయించుకున్నారు. కర్ర అమ్మాయికిచ్చి, చేతులు గుండెల మీద కట్టుకున్నారు.

"నాన్నా, ఇప్పుడెందుకు?" అంది అమ్మాయి.

"నువ్వుండవే. పంతులమ్మా, టైము చూడు."

గోడ మీద గడియారం ఉంది. "కానివ్వండి" అన్నాను. మొదటిసారి లేవడానికే ఆయన మూడుసార్లు ఊగారు. రెండోది. మూడోదానికి కాలు పక్కకి జారింది, అమ్మాయి పట్టుకోబోతే మోచేత్తో నెట్టేశారు. నాలుగోసారి సగం లేచి ఉండగా ముప్పై అయింది.

"ఆగండి" అన్నాను.

కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకున్నారు. "ఎన్ని?"

"మూడు."

"నాలుగోది లేచాను."

"పూర్తిగా లేవలేదు. మూడే."

ఆయన నా కళ్ళలోకి చూశారు, నాలుగు నెలల్లో మొదటిసారి. "ఇలాగే రోజూ చేస్తే మళ్ళీ పదికి వస్తానా? నిన్ను ఇంటికి తీసుకెళ్ళగలనా? దీన్ని అడిగితే అవుతుంది నాన్నా అంటుంది. ఆ వ్యాయామం కుర్రాడూ అదే అంటాడు. నువ్వు చెప్పు."

కాళ్ళు చూశాను. పంట్లాం లోపల రెండు కర్రల్లా ఉన్నాయి. వస్తారు అంటే ఆ మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు.

"రాలేరండీ" అన్నాను. "ఇంక రాలేరు."

అమ్మాయి "అమ్మా!" అంది. ఆయన చెయ్యెత్తి దాన్ని ఆపారు. ఆ తర్వాత చొక్కా జేబులోంచి మా ఇంటి తాళాలు తీసి అమ్మాయి చేతిలో పెట్టారు.

"ఇల్లు ఖాళీ చేసేయమ్మా" అన్నారు. కుర్చీ నా మంచం పక్కకి జరుపుకుని, నా కుడి చెయ్యి పట్టుకున్నారు.