బల్లకి అవతలివైపు

అయినా ఆ బల్ల కాలు ఎన్నిసార్లని వదులవుతుంది? పాలకేంద్రం తలుపు తీస్తూ ఆమె అదే ఆలోచిస్తోంది. ఆయన చెయ్యి పడ్డాక ఊళ్ళో ఏ మంచమూ మళ్ళీ కిర్రుమనదు. అలాంటి వడ్రంగికి, సొంత పెళ్ళాం చదువు చెప్పే గదిలో ఒక్క బల్ల కాలు లొంగకపోవడమేమిటి?

సాయంత్రం పాలక్యాన్లు బండెక్కాక, అదే గది కడుక్కుని ఆమె పెద్దవాళ్ళకి అక్షరాలు దిద్దిస్తుంది. సిమెంటు నేల తడి ఆరకముందే మొగుడు సుత్తితో దిగుతాడు. బల్లకి అవతలివైపు, సరిగ్గా ఆమెకి ఎదురుగా, ఖాళీ క్యాను బోర్లించుకుని కూర్చుంటాడు. పంతులమ్మకి కాపలా అని అందరూ నవ్వుకునేవారు. ఆమెకి చిరాకు వేసేది. లోపలెక్కడో ముద్దుగానూ ఉండేది.

ఆయనకి చదువు రాదు. పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. పేపరు తెచ్చి చేతికిచ్చి, కళ్ళు మండుతున్నాయి, నువ్వు చదివి చెప్పు అంటాడు. ఇన్నేళ్ళలో ఆ మంట తగ్గిందీ లేదు, ఆమె మందు మాట ఎత్తిందీ లేదు. చదువుకోమని ఊరంతా గడప గడపకీ తిరిగి బతిమాలింది గానీ, సొంత గడప దగ్గర నోరు పెగల్లేదు. చిన్నబుచ్చుకుంటాడని అనుకునేది. లేక, ఆయన పేపరు పట్టుకుని తన పక్కన చేరే ఆ కాసేపు పోతుందనా? అక్కడిదాకా వచ్చేసరికి ఆమె మనసు ఇంకే పనిమీదకో మళ్ళేది.

ఆ సాయంత్రం, గొర్రెలు కాచుకునే పెద్దమ్మ ఆమె పక్కన కూర్చుని, వాచకం మీద వేలు జరుపుతూ కూడబలుక్కుంటోంది. ఒక మాట దగ్గర వేలు ఆగిపోయింది.

"గొర్రె, అత్తా," అన్నాడు ఎదుటినుంచి మొగుడు. "రోజూ తోలుకెళ్తావు, ఆమాత్రం పోల్చుకోలేవా?"

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. పెద్దమ్మ తేరుకుని పుస్తకం ఆయన వైపుకి తిప్పి చేతిలో పెట్టింది.

"అయితే కింది వరస నువ్వే చదువు అల్లుడూ. నా కళ్ళకీ కాస్త తెరిపి."

ఆయన పుస్తకంలోకి చూశాడు. రాత్రికి రాత్రి ఇళ్ళన్నీ చోటు మారిన వీధిలో నిలబడ్డవాడిలా తెల్లబోయాడు. తర్వాత మెల్లగా దాన్ని తలకిందులు చేశాడు. పెదాలు కదలబోతున్నాయి. వెనకెవరో కిసుక్కుమన్నారు. రాకపోతే రాదని చెప్పరాదా, అలా పట్టుకుంటే మాత్రం వచ్చేస్తుందా అంది పెద్దమ్మ.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం బల్ల మీద పెట్టి లేచాడు.

"కాలు బిగిసింది. రేపట్నుంచి ఇక్కడ నాతో పని లేదు."

అప్పుడు అర్థమైంది ఆమెకి. పుస్తకం ఎప్పుడూ తన వైపే తిరిగి ఉండేది. ఇన్నాళ్ళూ ఆయన చూసినవి తలకిందుల అక్షరాలు. ఎవరినీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, వాటిని అలాగే నేర్చేసుకున్నాడు. ఇప్పుడు ఆ తలుపు దాటాడంటే మళ్ళీ రాడు. ఆ మొండితనంతోనే కదా ఆమె కాపురం చేస్తోంది.

ఆమె బల్ల చుట్టూ తిరిగి అవతలివైపు వచ్చింది. ఇంకో క్యాను బోర్లించి, ఆయన క్యాను పక్కనే వేసుకుని కూర్చుంది. పుస్తకం ఆయన పట్టుకున్నట్టే తలకిందులుగా పెట్టింది.

"నీకెలా వస్తే అలాగే చదువు," అంది నెమ్మదిగా. "నేను వింటాను."

ఆయన సుత్తి కింద పెట్టాడు. తర్వాత కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా మేకు దిగ్గొట్టినట్టు చదివాడు. తడబడ్డాడు గానీ ఎక్కడా తప్పు పోలేదు. పెద్దమ్మ మెడ వంచి పుస్తకంలోకీ, అల్లుడి మొహంలోకీ మార్చి మార్చి చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన ఆగకుండా తర్వాతి వరస అందుకున్నాడు. చూపు ఇంకా అక్షరాల మీదే ఉండగా, ఆమె పుస్తకం మూల రెండు వేళ్ళతో పట్టుకుని, తెలిసీ తెలియనట్టు, కాస్తంత పక్కకి తిప్పింది.