గేటు నుంచి సముద్రానికి

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే మా ఆయన రఘురామ్ వచ్చి గుమ్మంలో నిలబడి, "మంజూ, ఆ వైజాగ్ పేజీ ఇవాళ రాసిపెట్టెయ్. ఎలాగూ ఖాళీయేగా," అన్నాడు. ఒళ్ళో కేజీ చిక్కుడుకాయలు, పొయ్యి మీద పప్పు, వెనక గదిలోంచి మందుల డబ్బా కోసం అత్తగారి పిలుపు. ఇంత ఖాళీ మనిషిని మధురానగర్ మొత్తంలో ఇంకొకర్ని నేను చూడలేదు.

మైత్రీవనం పక్క సందులో మాకు ఇంజినీరింగ్ సీట్ల కన్సల్టెన్సీ ఉంది. మాకు అంటే, బోర్డు మీద పేరు రఘురామ్‌ది, అడ్మిషన్ల రోజుల్లో ముందు టేబుల్ దగ్గర కుర్చీ నాది. "లేడీస్ కనిపిస్తే ఆడపిల్లల పేరెంట్స్‌కి ధైర్యం," అంటాడు. కౌన్సెలర్ అని నేమ్‌ప్లేట్ కూడా చేయించాడు. మీ మిసెస్ ఇక్కడ ఉద్యోగమా అని ఎవరైనా అడిగితే మాత్రం, "అబ్బే, ఊరికే సాయంగా వస్తుంది," అంటాడు.

ఆ పేజీ ఏమిటంటే, మా కన్సల్టెన్సీ బ్రోషర్ కోసం, విశాఖలో చదివే పిల్లలకి సెలవు రోజుల్లో చూడ్డానికి ఏమేం ఉన్నాయో రాయడం. నిజానికి రెండు పేజీలు. "మగపిల్లల దాంట్లో ఆర్కే బీచ్, సబ్‌మెరైన్ మ్యూజియం, రుషికొండ, కైలాసగిరి రోప్‌వే, తొట్లకొండ అన్నీ వెయ్యి. ఆడపిల్లల దాంట్లో సింహాచలం ఒక్కటి చాలు. హాస్టల్ గేటు ఆరింటికి మూసేస్తారని పైన పెద్దక్షరాల్లో రాయి. అక్కడే చదివావు కదా, నీకు తెలియందేముంది?"

అక్కడే చదివాను. పెదవాల్తేరులో అక్క వాళ్ళింట్లో ఉండి రెండేళ్ళు ఎమ్మే. సొంత అక్క ఉండగా హాస్టల్ ఎందుకన్నారు నాన్న. అక్కకి అప్పుడే కవలలు. క్లాసు అవగానే ఇంటికి పరుగు, వచ్చీ రాగానే పొత్తిగుడ్డలు ఉతికి బకెట్టుతో మేడ ఎక్కడం. ఎదురు అపార్ట్‌మెంట్ అడ్డమొచ్చి సముద్రం కనిపించేది కాదు, చప్పుడు మాత్రం వినిపించేది. గుడ్డలు పిండి దులుపుతూ వినేదాన్ని. ఒకసారి క్లాసంతా తొట్లకొండ వెళ్ళి, అట్నుంచి బీచ్‌కి వెళ్దామన్నారు. చీర ఇస్త్రీ చేసుకుని తయారయ్యాను. పొద్దున్నే చంటిదాని ఒళ్ళు వెచ్చబడింది. అక్క ఏమీ అనలేదు, నా వంక చూసింది, అంతే. నాతో చదివే సంగీత వచ్చి, వీధి గేటు దగ్గర పావుగంట నిలబడి వెళ్ళిపోయింది. ఇస్త్రీ చీరలోనే మేడ ఎక్కి గుడ్డలు ఆరేశాను.

పెళ్ళిచూపుల్లో అత్తగారు వరలక్ష్మి గారు, "వైజాగ్‌లో చదువంటే బీచ్‌ల వెంట తిరుగుళ్ళేగా?" అన్నారు. నాన్న నిటారుగా కూర్చుని, "మా పిల్ల రెండేళ్ళలో సముద్రం మొహం చూడలేదండి," అన్నారు. అప్పటిదాకా ముట్టని స్వీటు అత్తగారు అప్పుడు తీసుకున్నారు. ఎమ్మే దేంట్లో చేశావని ఎవరూ అడగలేదు. నాన్న మాటకి ఆ రోజు నేనూ గర్వపడ్డాను. అందుకే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ మేడ మీద పిల్ల నన్ను వదల్లేదు. ఇరవై రెండేళ్ళైంది. సాయంత్రం పంజగుట్ట ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఆటోలో కూర్చుంటే పైనుంచి వచ్చే మోత, కళ్ళు మూసుకుంటే అచ్చం ఆ చప్పుడే. తెరిస్తే, ఎదురుగా డివైడర్ దగ్గర నిలబడి ఉంటుంది. ఇస్త్రీ చీర, చేతిలో బకెట్టు, కుచ్చిళ్ళ మీద నీళ్ళు. నన్నేమీ అడగదు. ఏదైనా అడిగితే బాగుండును.

రఘురామ్‌కి నాన్న మాట బాగా పనికొచ్చింది. "మా ఆవిడే చూడండి, రెండేళ్ళున్నా ఒక్కసారి బీచ్‌కి పోలేదు," అని మొదలుపెట్టి, తర్వాత నా చేతే చెప్పించడం అలవాటు చేశాడు. పదకొండేళ్ళుగా చెబుతున్నాను. తండ్రులు తలాడిస్తారు, తల్లులు ఫారం మీద సంతకం పెడతారు, పిల్లలు కాళ్ళ వంక చూసుకుంటారు. పోయిన నెల రవళి అనే అమ్మాయి నాలుగేళ్ళ చదువు ముగించుకుని, మాడుగుల హల్వా పట్టుకుని ఆఫీసుకొచ్చింది. "మేడం, అచ్చం మీలాగే ఉన్నాను. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పోలేదు," అంది. పక్కన వాళ్ళమ్మ మొహం వెలిగిపోతోంది. రవళి నవ్వింది గానీ కళ్ళు నవ్వలేదు. ఆ హల్వా నేను ముట్టలేదు. ఫ్రిజ్‌లో అలాగే ఉంది. తలుపు తీసినప్పుడల్లా, ఇలా ఎంతమంది పిల్లల్ని మేడ ఎక్కించానో అని భయమేస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర దించి ఆఫీసుకి వెళ్ళేసరికి బోరబండ నుంచి ఒక కుటుంబం వచ్చి కూర్చుంది. రాజనర్సయ్యకి టైలర్ షాపు. భార్య లచ్చమ్మ, కూతురు పింకీ. పింకీ ఫీజులూ ప్లేస్‌మెంట్లూ వదిలేసి నన్నడిగింది. "మేడం, హాస్టల్ గేటు నుంచి సముద్రం దాక నడిచి పోవచ్చా? ఎంతసేపు పడ్తది?"

రఘురామ్ దగ్గాడు. "ఆ భయం మీకు అక్కర్లేదండీ. గేటు ఆరింటికే మూసేస్తారు. మా మిసెస్ అక్కడే చదివింది. చెప్పు మంజూ."

ఫ్రిజ్‌లో హల్వా గుర్తొచ్చింది. అయినా నోరు అలవాటుగా తెరుచుకుంది. "నేను రెండేళ్ళున్నాను. ఒక్కసారి కూడా సముద్రం చూడలేదు."

రాజనర్సయ్య తలాడించలేదు. లచ్చమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"గంత దగ్గరుండి సుత చూడలేదా బిడ్డా? ఎవలు పట్టుకున్నరు నిన్ను?"

ఎవరు పట్టుకున్నారు? నాన్న కొట్టలేదు. అక్క వద్దనలేదు. వీధి గేటుకి తాళం కూడా లేదు. చెప్పడానికి ఒక్క పేరు దొరకలేదు.

"మా పింకీ సముద్రం చూస్త చూస్త అంటదనే గంత దూరం పంపుతున్నం. లేకుంటె గీడ కాలేజీలు లెవ్వా?" అంది లచ్చమ్మ. రాజనర్సయ్య లేచాడు. "జర ఆలోచన చేసుకొని వస్తం సార్." మెట్ల దగ్గర లచ్చమ్మ ఆగి నా భుజం మీద చెయ్యేసి దిగిపోయింది. జాలి పడిందని కింద గేటు చప్పుడయ్యాక గానీ నాకు తెలియలేదు.

"చెప్పే తీరే బాగోలేదు నీది. ఏడుపుమొహం పెట్టి చెబితే ఎవరు చేరతారు?" అన్నాడు రఘురామ్. మామూలుగా అయితే సారీ చెప్పేదాన్ని.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర రాయడం మొదలుపెట్టాను. ఒకటే పేజీ. బీచ్, మ్యూజియం, రుషికొండ, తొట్లకొండ, సింహాచలం, అన్నీ అందరికీ. గేటు మూసే వేళ రాయలేదు. అన్నిటికంటే పైన, పెద్దక్షరాల్లో ఒక వాక్యం పెట్టాను. హాస్టల్ గేటు నుంచి సముద్రానికి నడక, ఇన్ని నిమిషాలు. అంకె దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఫోన్‌లో చూస్తే తెలుస్తుంది. చూడలేదు. ఆ చోటు అలాగే వదిలి, శుక్రవారం వైజాగ్ వెళ్ళే గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నాను.

వేడి అన్నం ముందు కూర్చుని రఘురామ్ పేజీ చదివాడు. "ఇదేంటి, అంకె వెయ్యలేదు?"

"నాకు తెలీదు. శుక్రవారం వెళ్తున్నాను. నడిచి చూసొచ్చి వేస్తాను."

"వంటో? అమ్మ మందులో?"

"డబ్బా మీద వేళలు రాసిపెట్టాను."

రఘురామ్ కూర గిన్నె పక్కకి జరిపి, వాళ్ళమ్మ గొంతుతో అడిగాడు. "బీచ్‌కి ఎవరితో?"

వంటింటి గుమ్మంలో ఆ పిల్ల నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి బకెట్టు కింద పెట్టింది.

"ఒక అమ్మాయి ఉంది," అన్నాను. "ఇరవై ఒక్కేళ్ళు. రెండేళ్ళు పక్కనే ఉండి కూడా, పాపం, సముద్రం చూడలేదు."