బొడ్రాయి బయలెల్లింది

నేను ఒక బొడ్రాయిని. ఊరు కట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు నడిబొడ్డున పాతేది నన్నే. ఇళ్లు, వీధులు, తగాదాలు అన్నీ నా తర్వాతే. భూమి మీద నేను కనిపించేది జానెడు, మిగతా ఒళ్లంతా లోపలే. ఆ జానెడుకే పసుపు పూస్తారు, బొట్లు పెడతారు, బిందెలతో నీళ్లు పోస్తారు. నేను కదలకుండా ఉంటే ఊరు కదలదని జనం నమ్మారు. నేనూ నమ్మాను. రాయిని కదా, నాకు అనుమానాలు తొందరగా రావు.

నేను పుట్టింది గవ్వలపల్లి గుట్ట మీద. వడ్డెరలు ఉలితో చెక్కి నున్నగా చేశారు. అక్కడి నుంచి తాళ్లు కట్టి కిందికి దించింది మాత్రం, ఆ తర్వాత ఊరి బయట వాగవతల వాడలో ఉండాల్సి వచ్చినవాళ్లు. వాళ్ల భుజాలు ఒరుసుకుపోయాయి. ఒకతని బొటనవేలు నా కింద పడి నుజ్జయింది. అయినా నవ్వుకుంటూనే తెచ్చారు. గుంట దగ్గర దించాక పంతులు వచ్చి మంత్రాలు చదివి పసుపు పూశాడు. ఆ క్షణం నుంచి నన్ను మోసుకొచ్చినవాళ్లు నన్ను ముట్టుకోకూడదట! నేను నిర్ఘాంతపోయాను. అప్పుడే దేవుణ్నైనవాణ్ని, ఎవరిని అడగను? ఆ తర్వాత ప్రతి బొడ్రాయి పండుగకీ వాడవాళ్లు దూరాన నిలబడి డప్పు కొట్టేవారు, ఊరివాళ్లు దగ్గర నిలబడి మొక్కేవారు. నిజం చెప్పాలంటే నాకు మొక్కులకన్నా డప్పే బాగా వినబడేది.

అలా తరాలు గడిచాయి. నా పక్క నుంచి ఎడ్లబండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. పెంకుటిళ్లు డాబాలయ్యాయి. నా చుట్టూ ఉన్న వరస మాత్రం మారలేదు. దగ్గర పటేళ్లు, ఆ వెనక మిగతావాళ్లు, వాగు దాటాక వాడ.

ఒకరోజు జీపులో ఒక ఆఫీసరు వచ్చి నా పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. కింద రిజర్వాయరు కడుతున్నారనీ, గవ్వలపల్లి మొత్తం మునిగిపోతుందనీ చెప్పాడు. నా నెత్తిన పిడుగు పడింది. ఊరు కదలకూడదనే కదా నన్ను పాతారు! మరి ఇన్నాళ్లూ నేను చేసిందేమిటి? ఎవరైనా నా వైపు తిరిగి "ఏంది నువ్వు, గిదేనా నీ కాపలా?" అని తిడతారేమోనని బిక్కచచ్చిపోయాను. ఎవరూ చూడలేదు. అది ఇంకా అవమానం.

"రెండు జాగాలున్నాయి. ఒకటి గుట్ట కింద, అక్కడ భూమి ఇస్తాం. రెండోది హైవే పక్కన, అక్కడ ఇళ్లు కట్టిస్తాం, భూమి ఉండదు. అందరూ కలిసి ఒకటే ఎంచుకోండి" అన్నాడు ఆఫీసరు.

ఊరి పెద్ద జగపతి పటేలు లేచాడు. "గుట్ట కిందికే పోదాం. భూమి లేని ఊరు ఊరేనా?"

"భూమి మీకుండె పటేలా. మాకు ఎన్నడుండె?" అంది దూరం నుంచి ఒక గొంతు. ఆమె బుచ్చవ్వ. వాడలో అందరూ ఆమె మాట వింటారు. ఆమె బిడ్డ రజిత కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. "హైవే పక్కకే పోదాం. బడుంటది, దవాఖానుంటది, ఒకల పొలంల ఇంకొకలు వంగేదుండదు."

చేతులెత్తమన్నారు. వాడంతా హైవేకి ఎత్తింది. అది అందరూ అనుకున్నదే. కానీ పటేలు కొడుకులిద్దరూ కూడా హైవేకే చెయ్యెత్తారు! వాళ్లకు పొలం గట్టు కన్నా తారు రోడ్డే ఇష్టమని ఆ పెద్దమనిషికి ఆ పూట దాకా తెలియదు. ఆయన ముఖం చూసి నా బాధ కాసేపు మరిచిపోయాను.

జాగా తేలింది. ఇక ఎవరి ఇల్లు ఎక్కడన్నది మిగిలింది. కొత్త జాగా నడుమ నుంచి ఒక కాలువ పోతుంది.

"చిట్టీలేద్దాం. ఎవలకు ఏది వస్తే అది" అంది బుచ్చవ్వ.

"చిట్టీలేంది?" అన్నాడు పటేలు. "బొడ్రాయి ఏడుంటే ఊరాడ. కాలువకు గీ పక్క బొడ్రాయి, దాని సుట్టూ మేము. కాలువ అవుతల మీరు. పాత పద్ధతి పాత పద్ధతే."

ఊరివాళ్లు తలలూపారు. వాగు పోయి కాలువ వచ్చిందంతే. బుచ్చవ్వ పక్కనే రజిత పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. ఆ పొట్టలో ఉన్నది కూడా అవతలే పుట్టి అవతలే పెరగాలి. ఊరిని నీళ్లు ముంచినా ఈ గీత మునగదా అని నేను విస్తుపోయాను.

ఊరు ఖాళీ చేసే రోజు వచ్చింది. తలుపులు, కిటికీలు, మంచాలు అన్నీ ట్రాలీలెక్కాయి. నన్ను ఎవరు ఎక్కిస్తారు? పాతిన బొడ్రాయిని పెకిలించినవాడి వంశం నిలవదని పంతులు ఎప్పుడో అన్నాడు. ఒక్కడూ ముందుకు రాలేదు. రోజూ నాకు నీళ్లు పోసినవాళ్లు, మొక్కులు మొక్కినవాళ్లు, నన్ను చూసి పాముని చూసినట్టు వెనక్కి జరిగారు. ఎంత గుండె రాయి చేసుకుందామన్నా నావల్ల కాలేదు.

చివరికి పటేలు వాగు దాటి వాడకు వెళ్లి బుచ్చవ్వను వెంటబెట్టుకొచ్చాడు. "బుచ్చీ, మీ పిలగాండ్లతోని జర రాయి లేపియ్యే" అన్నాడు.

"ఇన్నేండ్లు ముట్టద్దంటిరి. ఇయ్యాల ముట్టుమంటరా?"

"మీకేం గాదే. మొండి ప్రాణాలు."

వంశం నిలవదన్న భయం తమకు, వంశం పోయినా ఫరవాలేని పని వీళ్లకు! బుచ్చవ్వ మొహం మీదే కాదంటుందనుకున్నాను. ఆమె మాత్రం "సరే పటేలా, తెస్తం" అంది.

గడ్డపారలు దిగాయి. "వద్దవ్వా, నాకు నెలలు నిండుతున్నయి" అని రజిత ఏడ్చింది.

"నాకు సుత భయమే బిడ్డా. గని నీ కడుపుల ఉన్నది మల్ల అవుతలనే పుడితే నాకు అంతకంటే ఎక్కువ భయం."

నన్ను ఎత్తారు. ఎంతకాలానికి ఆ చేతులు! వేడిగా, గరుకుగా, గుట్ట మీంచి దించిన చేతుల్లాగే ఉన్నాయి. పెకిలించిన రాయి వెంట పోతే అరిష్టమని పటేళ్లెవరూ ట్రాక్టరు ఎక్కలేదు. తరవాత బస్సులో వస్తామన్నారు. నా చుట్టూ వాడవాళ్లే కూర్చున్నారు. దారి పొడుగునా డప్పు మోగింది. ఈసారి దూరం నుంచి కాదు, నా చెవి దగ్గరే.

కొత్త జాగాలో కాలువకు ఈవలి పక్క గుంట తవ్వి, అరుగు కట్టి ఉంచారు. ట్రాక్టరు అక్కడ ఆగుతుందనుకున్నాను. ఆగలేదు! కల్వర్టు దాటి, కాలువ అవతల వాడకని వదిలిన జాగా నట్టనడుమకు వెళ్లింది. నేను అరవలేకపోయాను గానీ లోపల అరిచినంత పనైంది. చకచకా గుంట తవ్వి, నవధాన్యాలు పోసి నన్ను దించి మట్టి కప్పారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోశారు. నీళ్లు పడ్డాక బొడ్రాయి పాతుకున్నట్టే.

బస్సు దిగిన పటేలు కాలువ గట్టు మీద కొయ్యబారిపోయాడు. "గిదేంది? గీడ పెట్టుమన్నమా?"

"బరువైంది పటేలా, చేతులు నొచ్చినయి, దించినం" అంది బుచ్చవ్వ. "మీకు గాడనే గావాలెనంటె ఎవలన్న వచ్చి లేపుకపోండ్రి. మేం అడ్డం రాం."

గడ్డపార అక్కడే పడి ఉంది. పటేలు తన కొడుకుల వైపు చూశాడు. కొడుకులు పంతులు వైపు చూశారు. పంతులు ఆకాశం వైపు చూశాడు. ఎవరూ వంగలేదు. వాళ్ల భయమే నాకు కాపలా కాసింది.

ఇక ఊరు ఎక్కడ? బొడ్రాయి ఏడుంటే ఊరాడ అని అన్నది ఆయనే. కాలువ ఈవలి పక్క ఇళ్లు తీసుకుంటే తామే ఊరవతల అవుతారు. రెండు రోజులు గుసగుసలు నడిచాయి. మూడో రోజు పటేలు స్వయంగా ఆఫీసరు దగ్గరికి వెళ్లి చిట్టీలు వెయ్యమని అడిగాడు! నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. బుచ్చవ్వకు నాకు కూతవేటు దూరంలో ఒక ఇల్లు వచ్చింది. నా పక్కనే చాకలి ఓదేలు వచ్చాడు. పటేలుకు ముందు తాను కోరుకున్న పక్కనే, ఇప్పుడు నాకు కాలువ అవతల, చివరి ఇల్లు వచ్చింది.

మొన్న ఈ ఊళ్లో మొదటి బొడ్రాయి పండుగ జరిగింది. రజిత నిక్షేపంగా కన్నది. బుచ్చవ్వ మనవరాలిని చంకనేసుకుని నా పక్కనే నిలబడింది. ఎవరి బిందె ముందో ఎవరిది వెనకో తెలియనంత తోపులాట. అంతలో నా చూపు కల్వర్టు మీద పడింది. జగపతి పటేలు ఇత్తడి బిందె పట్టుకుని అక్కడే ఆగిపోయి ఉన్నాడు. దాటొచ్చో లేదో ఆయనకు తెలియడం లేదు. అలా నిలబడ్డవాళ్లను తరతరాలుగా చూశాను. ఆ జాగాలో ఆయన్ని చూస్తానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

"బుచ్చవ్వా..." అన్నాడు. బుచ్చీ అనలేదు. "నేను రావచ్చునా?"

డప్పు ఆగింది. అందరూ ఆమె వైపే చూశారు.

బుచ్చవ్వ పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

"గట్లడుగుతరేంది పటేలా? మీరు సుత ఊరోళ్లే గదా. రాండ్రి."