వెతుక్కోనివ్వు

ఆ బట్టల ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాలను పరీక్షించే బల్లలు రెండు. ఒకదాని దగ్గర పనిచేసే ఆమెను అందరూ హడావుడి అంటారు, పక్క బల్ల ఆమెను నిమ్మళం అంటారు. బాగున్న చొక్కాకు ఆకుపచ్చ చుక్క, లోపమున్నదానికి ఎర్ర చుక్క అంటించడం ఇద్దరి పని.

పని ఒకటే, జీతం ఒకటే. అయినా నిమ్మళాన్ని చూస్తే హడావుడికి ఒళ్లు మండేది. తీరిగ్గా దువ్వుకున్న ఆ జడ, నెమ్మదిగా అన్నం తినే ఆ తీరు, అన్నిటికీ మించి ఎప్పుడూ మోగని ఆ ఫోను! తన ఫోను మాత్రం పొద్దుటి నుంచీ ఊరుకోదు. మేజోళ్లెక్కడని కొడుకు, దువ్వెన ఎక్కడని భర్త, మందులెక్కడని అత్తగారు. "పెట్టి పుట్టింది మహాతల్లి!" అని లోలోపల ఉడికిపోయేది. ఆమెను తప్పుపట్టకండి. నిద్ర చాలని మనిషికి పక్కవాళ్ల కునుకు చూసినా కడుపుమంటే.

ఆ రోజు మళ్లీ భర్త ఫోను.

"ఏమేవ్, గొడుగెక్కడ పెట్టావ్?"

"తలుపు వెనకండీ... కాదు కాదు, బీరువా పైన..."

చెబుతూనే చుక్కలు అంటించేసింది. ఫోను పెట్టి చూస్తే, వెనక్కి పంపాల్సిన నలభై చొక్కాలకూ ఆకుపచ్చ చుక్కలే! ఇప్పటికే రెండు హెచ్చరికలయ్యాయి. ఇంకో తప్పు బయటపడితే ఉద్యోగం ఊడుతుంది.

నిమ్మళం వచ్చి చుక్కలు పీకడం మొదలుపెట్టింది. సూపర్‌వైజరు వచ్చేలోపు ఇద్దరూ అన్నీ మార్చేశారు. ఆ సాయం కూడా హడావుడికి మంటే పుట్టించింది.

"నీకేం అక్కా! ఇంట్లోవాళ్లు ఒక్కరూ ఫోన్ చెయ్యరు" అంది ఏడుపు గొంతుతో.

"నాకూ చేసేవాళ్లే. నువ్వు చేరకముందు ఈ బల్ల దగ్గరే కళ్లు తిరిగి పడిపోయా. ఒంట్లో జబ్బేం లేదు, మనసుకే విశ్రాంతి లేదన్నాడు డాక్టరు. ఆ రోజు నుంచి ఏది ఎక్కడుందో చెప్పడం మానేశా. వారం రోజులు ఇంట్లో అలకలూ విసుర్లూ. మా ఆయన ఒక్కో కాలికి ఒక్కో రకం చెప్పు వేసుకుని పనికెళ్లాడు. తర్వాత అన్నీ వాటంతటవే దొరికాయి."

హడావుడి నవ్వబోయి ఆగింది. తను లేకపోతే ఇంట్లో ఉప్పు డబ్బా కూడా దొరకదని ఇన్నేళ్లూ ఎంత గొప్పగా చెప్పుకుంది!

ఫోను మోగింది. "బీరువా పైన లేదే!"

"వెతుక్కోండి. నేను పనిలో ఉన్నాను."

ఫోను కట్టేసి సంచిలో పడేసింది.

ఇంటిల్లిపాదికీ కళ్లున్నాయి, చేతులున్నాయి. ఇల్లాలి మనసును ఇంటి బీరువాలా వాడుకోవడం మానితే, ఇంకో ఆడదాని ప్రశాంతత చూసి ఆమె కుళ్లుకోవాల్సిన అవసరమే రాదు.