మేస్త్రి చుట్టని సున్నాలు

విద్యార్థులుండే ఆ పద్దెనిమిది అంతస్తుల హాస్టల్ పడమటి గోడ మీద, మేస్త్రి చుట్టని సున్నాలు కనిపించడం మొదలైంది.

తాళ్లకు వేలాడే ఇనుప తొట్టిలో నిలబడి మేస్త్రి గోడంతా సుత్తితో తట్టుకుంటూ పోతాడు. కాంక్రీటు గట్టిదైతే ఖంగుమంటుంది. లోపలి కడ్డీ తుప్పుపట్టి పెచ్చు లేచి ఉంటే డొల్లగా పలుకుతుంది. డొల్ల పలికిన చోట ఎర్రసుద్దతో సున్నా చుడతాడు. వెనకవాళ్లు అక్కడ చెక్కేసి కొత్త సిమెంటు మాలు పూస్తారు. సున్నా చుట్టే హక్కు మేస్త్రి ఒక్కడిదే. ఇంజనీరు కూడా అతని చెవికి ఎదురు చెప్పడు.

మరి ఈ సున్నాలెవరివి? ఇంకెవరివి, తొట్టిలో పక్కన నిలబడే బామ్మర్దివే. తూర్పు గోడ తట్టడం పూర్తయ్యాక, భార్య పోరు పడలేక వాణ్ణి పనిలోకి తీసుకున్నాడు. నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టుంటాడు. మేస్త్రికి అసలు భయం అలాంటివాళ్లతోనే. అందరూ భోజనానికి దిగుతుంటే "ఆకలిగా లేదు బావా, నువ్వు తిను" అంటాడు. ఇనుము మోసే ఒంటికి ఆకలి లేకపోవడమేమిటి? పైగా ఈమధ్య పనివాళ్లంతా తన ఎదుటే గుసగుసలాడుతున్నారు. ఎంత నిర్లక్ష్యం!

"నీ తమ్ముడు నా పనికే ఎసరు పెడుతున్నాడు" అన్నాడు ఇంట్లో.

"ముందా టీవీ తగ్గించండి. పక్కింటివాళ్లు గొడవకొచ్చేలా ఉన్నారు" అంది భార్య.

అక్కాతమ్ముళ్లు ఒకటే అనుకున్నాడు మేస్త్రి. అన్నం సయించలేదు.

మర్నాడు భోజనవేళ అందరితో పాటు కిందికి దిగినట్టే దిగి, లోపలి మెట్లెక్కి, తొట్టి ఆగిన అంతస్తు బాల్కనీలో నక్కాడు. బామ్మర్ది గోడకు చెవి ఆనించి సుత్తితో తడుతున్నాడు. జేబులోంచి ఎర్రసుద్ద తీసి సున్నా చుట్టాడు. మేస్త్రికి కోపంతో పాటు, దొంగ దొరికాడన్న సంబరమూ కలిగింది.

"నా గోడ మీద నీ గీతలేమిట్రా?"

వాడు ఉలిక్కిపడ్డాడు. "మెల్లిగా బావా. కింద అందరికీ వినపడుతోంది."

"వినపడనీ. నాకు పని రాదని ఇంజనీరు చెవిలో ఊదుదామనేగా?"

తొట్టిలోకి దిగి, సుత్తి లాక్కుని ఆ సున్నా మధ్యలో తట్టాడు. "విను. ఇది డొల్లా?"

బామ్మర్ది తొట్టిలోంచి ఉలి, సమ్మెట అందుకున్నాడు. సున్నా అంచున ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. అరచేయంత పెచ్చు ఊడి తొట్టిలో పడింది. లోపల కడ్డీ తుప్పుతో ఉబ్బిపోయి ఉంది.

మేస్త్రి పక్క సున్నా మీద తట్టాడు. గట్టిగానే పలికింది, అతనికి. ఉలి దెబ్బకు అదీ ఊడింది.

"అక్కక్కూడా చెప్పలేదు బావా" అన్నాడు వాడు, నోరు బాగా తెరిచి ఒక్కో మాటా పలుకుతూ. "నువ్వు వదిలేసినవి నేను చుడితే సరిపోతుందనుకున్నా. మొదట్లో పిలిచినా పలకకపోతే నా మీద కోపమనుకున్నా."

ఇన్నేళ్లూ చెవి పక్కనే మోగిన డ్రిల్లింగ్ మిషన్లు గుర్తొచ్చాయి మేస్త్రికి. సిగ్గుతో తల వాలిపోయింది. అంతలోనే చటుక్కున తలెత్తాడు. తూర్పు గోడ. అది తానొక్కడే తట్టాడు. పిల్లలంతా వచ్చిపోయే పెద్ద గుమ్మం దాని కిందే ఉంది.

అతని మొహం చూసి బామ్మర్దికి అర్థమైంది. "బయటపడితే నిన్నింకెవరూ పనిలోకి పిలవరు బావా. ఎవరికీ తెలీకుండా, నిదానంగా మళ్లీ చూసుకుందాం."

"పెచ్చులు నిదానంగా పడతాయా?"

మేస్త్రి ఫోను తీసి ఇంజనీరు నంబరు నొక్కి, బామ్మర్ది చేతిలో పెట్టాడు.

"ఆ గుమ్మం ఇప్పుడే మూయించమను. తూర్పు గోడంతా మళ్లీ తట్టాలని చెప్పు. ఎందుకని అడిగితే, మేస్త్రికి చెవుడని చెప్పు."