ఆగకే అందా, తాగవే అందా

నిగార్ కూతురు జారా నాలుగో స్థానంలో వచ్చింది. మొదటి ముగ్గురికే తర్వాతి పోటీల జట్టులో చోటు. నాలుగంటే ఏమిటి? ఏమీ కాదు. బస్సు తప్పినవాణ్ణి అడుగు దూరంలో తప్పిందా, ఆమడ దూరంలో తప్పిందా అని ఎవడూ అడగడు.

సింగపూర్‌లో బయాథ్లాన్ అంటే మంచు మీద జారి తుపాకీ పేల్చడం కాదు. ఇక్కడ మంచు ఫ్రిజ్‌లోనే ఉంటుంది. సముద్రంలో ఈదాలి, ఒడ్డెక్కి ఒంటి మీద తడి ఆరకముందే పరిగెత్తాలి. ఈసారి ఇక్కడ స్థిరపడ్డ చాలా దేశాలవాళ్ళ ఆడపిల్లలు దిగారు. మూడో స్థానం తన్మయిది. ఆంగ్ మో కియో పేటలో వాళ్ళది నిగార్ వాళ్ళ పై అంతస్తు. తన్మయి తల్లి అరుంధతి కాకినాడ మనిషి. నిగార్‌కి అక్క లాంటిది.

ఫలితాల బోర్డు మీద తన్మయి పేరు పక్కన ‘విచారణలో’ అని పడింది. నిగార్ గుండె ఒక్క గంతు వేసింది. ఛీ అనుకుంది. అయినా అది గంతులు మానలేదు.

ఇంతలో ఆమెనే రిఫరీ డేరాలోకి పిలిచారు.

రిఫరీ చైనీస్ ఆవిడ, నాన్చే రకం కాదు. పరుగు మలుపులో ఎవరో తల్లి తన్మయికి నీళ్ళ సీసా అందించిందని ఒక వాలంటీరు ఫిర్యాదు చేశాడట. బయటివాళ్ళు ఇవ్వబోతే తప్పు లేదు, పిల్ల పుచ్చుకుంటే మాత్రం ఫలితం రద్దు. వాలంటీరు ఫోన్‌లో వీడియో ఉంది. అందులో జనం వీపులే కనిపిస్తాయి. గొంతు మాత్రం వినిపిస్తుంది, తెలుగు గొంతు.

అక్కడే కూర్చున్న అరుంధతి అప్పటికే చెడగొట్టుకుంది. నా చేతిలో సీసాయే లేదు, ‘ఆగకే, ఆగకే’ అని హుషారు చేశానంతే, అనేసింది. వెనకాలే తన్మయి, సీసా ఉంది గానీ నేను తాగలేదు, అంది. తల్లిదొక మాట, పిల్లదొక మాట. ఇంకెవరు నమ్ముతారు?

“మీకు తెలుగు వచ్చు గదా,” అంది రిఫరీ ఇంగ్లీషులో. “నాలుగో అమ్మాయి తల్లి మీరేనని తెలుసు. వేరే ఎవరూ దొరకలేదు. ఆమె ఏమందో చెప్పండి.”

ఫోన్‌లో ఆ వీడియో పెట్టింది. గాలి హోరు, ఈలలు, వాటి మధ్య అరుంధతి కేక. నిగార్ చెవులకి స్పష్టంగానే వినబడింది. ‘తాగవే’.

“నిగార్, ఆగకే అన్నానని చెప్పవే,” అంది అరుంధతి తెలుగులో, రిఫరీ ఎదురుగానే. “ఒక్క మాట. నీ సొమ్మేం పోదు.”

“నా బిడ్డ చోటు పోతదక్కా. అది సొమ్ము కాదా?”

“అదీ సంగతి! అయితే పో, పండగ చేసుకో.”

“మాట మంచిగ రానియ్యి. అసలు సీసా లేదని ఎందుకు చెప్పినవ్?”

“భయమేసిందే. ఇవ్వబోవడమే తప్పనుకున్నా. పిల్ల తూలిపోతోంది, కళ్ళు తేలేసింది. నువ్వైతే చూస్తా నిలబడతావా?”

నిలబడదు. ఏ తల్లీ నిలబడదు. ఈ నియమాలు రాసినవాళ్ళు చెట్లకి కాశారు కాబోలు.

“ఏమంటోంది?” అంది రిఫరీ.

డేరా గుమ్మంలో జారా విసుక్కుంది. “అమ్మీ, జస్ట్ టెల్ హర్ లా!” దాని పక్కన తన్మయి తల ఎత్తలేదు.

“డ్రింక్,” అంది నిగార్. “తాగమంటున్నది. ఆగకే కాదు.”

“చంపేశావు కదే,” అని అరుంధతి కుర్చీలో కూలబడింది. రిఫరీ పెన్ను తీసింది.

అయిపోయింది. నిగార్ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. జారాకి చోటు వచ్చేసినట్టే. కానీ ఆ కేక అక్కడితో ఆగలేదని ఆమెకి తెలుసు. వెనకాల హోరులో ఇంకా మాటలున్నాయి. అవి రిఫరీకి అర్థం కావు. ఇక్కడ పుట్టిన జారాకి ఆ వేగం అందదు. కంగారులో తానేమందో అరుంధతికే గుర్తు లేదు. నోరు మూసుకుంటే చాలు. అబద్ధానికి కనీసం భయముంటుంది. సగం నిజానికి అదీ ఉండదు, పెద్దమనిషిలా కాలు మీద కాలేసుక్కూర్చుంటుంది.

పెన్ను కాగితానికి తగిలింది.

“ఆగండి,” అంది నిగార్. “ఇంకా ఉంది. మళ్ళీ పెట్టండి.”

ఈసారి ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పింది. “‘తాగవే. ఒక్క గుక్క. తాగవే అంటే! మూతి తిప్పుకుంటావేమే? నీ మొండితనం తగలెయ్య, అంతా ఒలకబోశావు కదే!’ మేడమ్, తాగే పిల్లని ఏ తల్లీ అన్నిసార్లు తాగమనదు. తన్మయి పుచ్చుకోలేదు. తోసేసింది.”

రిఫరీ పెన్ను కింద పెట్టింది. “అలాగైతే మీ అమ్మాయిది నాలుగో స్థానమే. తెలుసా?”

“లెక్కలు నాకూ వచ్చు.”

బోర్డు మీద ‘విచారణలో’ పోయింది. మూడు తన్మయి, నాలుగు జారా. అరుంధతి ఏడుస్తూ వాటేసుకోబోతే నిగార్ చేత్తో నెట్టింది. “ఇప్పుడు కాదక్కా. ఇప్పుడు నన్ను ముట్టకు.”

జారా తువ్వాలు నేలకేసి కొట్టింది. “డ్రింక్ అని చెప్పేశావ్ ఆల్రెడీ! తర్వాతది ఎవరడిగారు? వై యూ లైక్ దట్, అమ్మీ?”

“ఆమె అదీ అన్నది గనక.”

“అంతేనా?”

“అంతే.”

జారా వెనక్కి తిరగకుండా రోడ్డు వైపు నడిచింది. నిగార్ ఆ తువ్వాలు తీసి, ఇసక దులిపి, జారా వెనకే వెళ్ళింది.