నాలుగో నంబరు

ఆసుపత్రి రికార్డుల గదిలో గళ్ల మాస్టారు రోగుల పట్టికకు నూట నలభై మూడో గడి చేరుస్తున్నాడు. గడి పేరు: ఫోన్ 4. కంప్యూటరులో పట్టికలు కట్టడమే ఇరవై రెండేళ్లుగా ఆయన పని, పేరూ అలాగే అతుక్కుంది. కళ్లజోడు కాడకు దారం చుట్టి ఉంది. కుర్చీలో దూది ఎప్పుడో ఆయన ఆకారానికి కుంగిపోయింది.

"సార్, బంధువులకి వేరే పట్టిక పెడదాం. మనిషికో వరస. పదిమందొస్తే పది వరసలు, గొడవుండదు," అన్నాడు మేనేజరుతో, ఎన్నోసారో.

"ఒక్క గడికి ఇంత రాద్ధాంతమా మాస్టారూ? పెట్టి పారెయ్యండి," అని మేనేజరు నవ్వుతూ వెళ్లిపోయాడు.

మాస్టారు పళ్లు నూరుకున్నాడు. అసలు మంట తనమీదే. ఇరవై ఏళ్ల కిందట, ఇంటికెళ్లే తొందరలో, ఫోన్ 2 అనే మొదటి అదనపు గడిని తగిలించింది తనే.

కౌంటరు అమ్మాయి రొప్పుతూ వచ్చింది. "బాబాయ్, పన్నెండో మంచం పెద్దాయన ఆఖరి దశలో ఉన్నాడు. చిన్న కూతుర్ని చూడాలంటున్నాడు. నిన్న ఆమే వచ్చి, నాన్న గడ్డం మాసిపోయిందని బాధపడుతూ నంబరిచ్చింది. కొడుకుల నంబర్లతో మూడు గళ్లూ నిండిపోయాయని, పిన్‌కోడ్ గడి ఖాళీగా ఉంటే అందులో కొట్టాను."

ఆ గడిలో ఆరంకెలే పడతాయి. మిగతా నాలుగింటినీ కంప్యూటరు చప్పుడు లేకుండా కోసేసింది.

"కాగితమ్మీద రాసుకోలేదుటే?"

"కంప్యూటరుంది కదా అని..."

తిట్టబోయి ఆగాడు. ఖాళీ కనిపిస్తే కుక్కడం నేర్పింది తన పట్టికే మరి.

పెద్ద కొడుక్కి ఫోన్ చేశాడు. "మాకు చెల్లెలే లేదండీ," అని పెట్టేశాడతను. ఇక ఆ ఆరంకెల వెనక నాలుగు సున్నాలతో మొదలుపెట్టి ఒక్కో నంబరే కొట్టుకుంటూ పోయాడు. కొందరు ఎత్తలేదు. ఒకాయన అమ్మనాబూతులు తిట్టాడు. మధ్యలో మేనేజరు తల దూర్చి, "నాలుగో గడి అయిందా?" అని అడిగాడు.

"అయింది సార్. అది కావాల్సింది నిన్న."

సాయంత్రం నాలుగు దాటాక తెర మీద పెద్దాయన వరసలో ఒక్క మాట మారింది. మాస్టారు ఫోను పక్కన పెట్టాడు.

అయిదింటికి, రోగుల్ని చూడనిచ్చే వేళకు, చిన్న కూతురు వచ్చింది. కౌంటరు అమ్మాయి తలెత్తలేదు. మాస్టారే ఎదురెళ్లి, తండ్రి పోయాడని చెప్పాడు.

"ఏదన్నా ఉంటే ఫోన్ చేస్తామన్నారు కదన్నా?" అంది ఆమె, గొంతు పెంచకుండానే. తిట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది.

ఆమె వార్డు వైపు పరిగెత్తింది. కౌంటరు మీద ఆమె సంచి ఒరిగి ఉంది. అందులోంచి సబ్బు, నురగ బ్రష్షు, పైకాగితమైనా విప్పని గడ్డం బ్లేడు బయటికి జారి ఉన్నాయి.